మూడో పుల్ల

పంటి లోపల తడి ఉందో లేదో కంటితో చూసి చెప్పగలిగిన మనిషి ఆ వీధి మొత్తానికీ ఒక్కతే. అందరూ ఆమెను పొడక్క అనేవారు. అసలు పేరు ఆస్పత్రి హాజరు పుస్తకంలో ఉండే ఉంటుంది కానీ, ఆ పుస్తకం తెరిచి చూడాల్సిన అవసరం ఇరవై రెండేళ్ళలో ఎవరికీ రాలేదు.

వినడానికి ఆమె పని చాలా చిన్నది. పన్ను పుచ్చి లోపల నరం చచ్చిపోతే, డాక్టరు ఆ పంటిని పైనుంచి తొలిచి, వేరులో ఉండే సన్నటి గొట్టాన్ని శుభ్రం చేస్తారు. మందునీళ్ళతో కడుగుతారు. కడిగిన గొట్టాన్ని ఆరబెట్టి, సీలర్ అనే ముద్దను గోడలకు పట్టించి, మధ్యలో గులాబి రంగు రబ్బరు పుల్ల దూర్చి మూసేస్తారు. రూట్ కెనాల్ అంటే ఇంతే. ఇందులో ఆరబెట్టడం పొడక్క వంతు. దానికి తెల్లటి కాగితపు పుల్లలుంటాయి, కొస దగ్గర సూదికన్నా సన్నగా చుట్టినవి. ఒక పుల్లను చిన్న పట్టకారుతో పట్టుకుని గొట్టంలోకి దించాలి. మూడంకెలు లెక్కపెట్టి పైకి తీయాలి. తీసి, రోగి నోటిమీద పరిచిన నీలం రబ్బరు షీటు మీద దాని కొసను ఒక్కసారి ఈడ్చాలి. తడి ఉంటే నీలం మీద మెరుపు గీత పడుతుంది, లేకపోతే ఏమీ పడదు.

ఇందులో గొప్పేముంది అనిపిస్తుంది. గొప్పంతా ఆ గీతలోనే ఉంది. మామూలు కళ్ళకు గీత కనబడడం మానేశాక కూడా పొడక్కకు ఇంకో రెండు మూడు పుల్లల వరకు కనిపించేది. వెంట్రుకలో సగం ఉంటుందేమో ఆ మెరుపు. తల ఒక పక్కకు వాల్చి, దీపం వెలుగును ఏటవాలుగా పట్టుకుని చూసేది. "పొడేనా?" అని పక్క కుర్చీ దగ్గర్నుంచి డాక్టరు అడిగేవారు. "ఇంకా కాదండి" అనేది. కాసేపాగి మళ్ళీ "పొడేనా?" "పొడే." అంతే. ఆ ఒక్క మాట మీద సీలర్ కలిపేవారు. ఆ మాట అబద్ధం కావడం ఎవరూ చూడలేదు.

తడి అంటే ఆమెకు చిన్నప్పటి నుంచీ పడదు. పుట్టి పెరిగిన గది వీధికన్నా మూడు మెట్లు కిందికి ఉండేది. ఆ గదిలో వెనక గోడ ఏడాది పొడుగునా చెమరుస్తూనే ఉండేది. తండ్రి ప్రతి వేసవికీ దానికి రంగు వేసేవాడు. వానలు మొదలైన నెలకల్లా రంగు పొక్కులు పొక్కులుగా లేచి, గోటితో గిల్లితే అరచేతంత పెచ్చులుగా ఊడివచ్చేది. ఆ గోడ పక్కనే తమ్ముడి మంచం. తమ్ముడికి ఎప్పుడూ దగ్గే. తల్లి వాడి పక్కబట్టలను పొయ్యి దగ్గర పట్టుకుని ఆరబెట్టేది, చెంపకు ఆనించి చూసేది, ఇంకా చెమ్మ పోలేదని మళ్ళీ పట్టుకునేది. వాడు ఎనిమిదో ఏట పోయాడు. డాక్టర్లు రోగానికి ఏదో పేరు చెప్పారు. ఇంట్లో మాత్రం గోడే వాణ్ణి మింగిందన్నారు.

పందొమ్మిదో ఏట ఆమె పళ్ళ ఆస్పత్రిలో నేల తుడవడానికి చేరింది. అప్పటికి ఆస్పత్రి అంటే రెండు కుర్చీలు, ఒక డాక్టరు, ఒక పొడవాటి గది. రెండేళ్ళపాటు తుడిచింది. తడిబట్టతో ఒకసారి, పొడిబట్టతో రెండుసార్లు, ఆ తరువాత గొంతుక్కూర్చుని నేలను ఏటవాలుగా చూసేది. ఒకరోజు డాక్టరు అది గమనించారు.

"ఏం వెతుకుతున్నావ్ నేలమీద? ఏమన్నా పారేసుకున్నావా?"

"లేదండి. తడి పోయిందో లేదో చూస్తున్నా."

"పోయిందిగా."

"మీకు పోయిందండి. నాకింకా కనిపిస్తోంది."

డాక్టరు నవ్వారు. కానీ ఆ మాట మర్చిపోలేదు. వారం తిరక్కుండా ఆమె చేతికి పట్టకారు ఇచ్చి, కుర్చీ పక్కన మూడుకాళ్ళ స్టూలు వేయించారు.

"చూడమ్మాయ్, తడి గోడకి రంగేస్తే ఏమవుతుంది?"

"పెచ్చులూడిపోతుందండి."

"పన్ను కూడా అంతే. తడి ఉంటే సీలర్ అంటదు. అంటకపోతే సందు మిగుల్తుంది. సందులోకి చీము చేరుతుంది. అర్థమైందా?"

ఆ సంగతి ఆమెకు ఇంకొకరు విడమరచి చెప్పనక్కరలేకపోయింది. అయిదు పుల్లలు, ఆ తరువాత ఒక బొట్టు స్పిరిట్, అది ఆరాక మళ్ళీ రెండు పుల్లలు. అది డాక్టరుగారి పద్ధతి. ఆమె దాన్ని పూజలా చేసింది. ఇరవై రెండేళ్ళు చేసింది. రోగులకు ఆమె చెయ్యి అంటే గురి కుదిరింది. "డాక్టరు తొలుస్తాడు, పొడక్క ఆరేస్తుంది. పళ్ళు కావివి, ఉతికిన బట్టలు" అని ఒక బడిపంతులు నోరు తెరవకముందే నవ్వించేవాడు. ఇంట్లో భర్త తాళాలు బాగుచేసే మనిషి. ఆయన వేళాకోళం ఇంకోరకం. "మా ఇంట్లో వానకాలంలో నేనొక్కణ్ణే నేరస్తుణ్ణి. తడికాళ్ళతో వస్తే గుమ్మంలోనే విచారణ" అనేవాడు. పిల్లలు కలగలేదు. ఆ సంగతి ఇద్దరూ మాట్లాడుకోవడం మానేసి చాలా కాలమైంది. ఈ లోకంలో ఇది నాది అని ఆమె చెప్పుకోగలిగింది ఆ మూడుకాళ్ళ స్టూలు ఒక్కటే. పైకి ఎప్పుడూ చెప్పుకోలేదు. సెలవు రోజుల్లో మాత్రం చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక వంటింటి గట్టు పదిసార్లు తుడిచేది.

డాక్టరుగారి చేతులు వణకడం మొదలుపెట్టిన ఏడాది, ఆయన కూతురు చదువు ముగించుకుని వచ్చి కుర్చీ దగ్గర నిలబడింది. దాంతో ఆయన పెద్ద డాక్టరయ్యారు, కూతురు చిన్న డాక్టరయింది. ఆయన పై అంతస్తులోని రెండు గదులకు పరిమితమైపోయారు. చిన్న డాక్టరును పొడక్క గౌను వేసుకునే వయసు నుంచీ ఎరుగును. ఎదుట రోగి ఉంటే "డాక్టరుగారూ" అనేది. ఇద్దరే ఉంటే "పాపా" అనేది. పాప కూడా ఆమెను పరాయిగా చూసింది లేదు. తండ్రిలాగే ఒక కుర్చీ దగ్గర పని ముగించి, ఆరబెట్టడం పొడక్కకు వదిలి, రెండో కుర్చీకి పోయేది.

ఒక పొద్దున రోగులు రాకముందు చిన్న డాక్టరు ఒక కొత్త పెట్టె విప్పింది.

"అక్కా, ఇవాళ్టి నుంచి సీలర్ మారుస్తున్నా. ఇది మన పాతదానిలాంటిది కాదు. సిమెంటు జాతిది. సిమెంటు గట్టిపడాలంటే ఏం కావాలి?"

"నీళ్ళు."

"కదా! దీనికీ అంతే. పంటి గోడలో కాస్త చెమ్మ ఉండాలి. ఆ చెమ్మ పీల్చుకుని గట్టిపడుతుంది, గోడని పట్టుకుంటుంది. మరీ ఎండగట్టేస్తే పిండిలా ఉండిపోతుంది. అందుకని రెండే పుల్లలు. మొదటిదానితో నీళ్ళు తీసెయ్యండి, రెండోదానితో ఊరికే అద్దండి. స్పిరిట్ అసలొద్దు."

పొడక్క పెట్టెను అటూ ఇటూ తిప్పి చూసింది.

"మరి తడి నిలిస్తే పాపా?"

"నీళ్ళు నిలవకూడదు. నిలిస్తే సీలర్ పలచబడి అదీ పట్టదు. నీళ్ళు వేరు, చెమ్మ వేరు. నీళ్ళు పోవాలి, చెమ్మ ఉండాలి."

"ఎంత చెమ్మ?"

చిన్న డాక్టరు నవ్వింది. "ఏమో! కొలవడానికి గరిటె ఏమీ ఇవ్వలేదు వాళ్ళు. రెండు పుల్లల తర్వాత ఉన్నంత."

ఆ రోజు మొదటి రోగి సిటీబస్సు డ్రైవరు. కింది వరస వెనకపన్ను. బస్సు నడుపుతూ నడుపుతూ కొరుక్కోవడం అలవాటైపోయి పళ్ళన్నీ అరిగిపోయిన మనిషి. చిన్న డాక్టరు గొట్టం కడిగి, "ఇక మీ వంతు" అని పక్క కుర్చీకి వెళ్ళింది. పొడక్క ఒక పుల్ల దించింది. రెండోది దించింది. ఈడ్చి చూసింది. నీలం మీద వెలుగు గీత, పట్టపగల్లా కనిపిస్తోంది. ఆగిపోవాలి. చెప్పింది అదే. ఆమె ఆగింది కూడా. పట్టకారు పళ్ళెంలో పెట్టింది. తడిసిన పిల్లవాడి తల తుడవకుండా పడుకోబెట్టి వచ్చేసినట్టు అనిపించింది. చెయ్యి దానంతటదే మళ్ళీ పట్టకారు అందుకుంది. మూడో పుల్ల. నాలుగు, అయిదు. స్పిరిట్ సీసా ఎప్పటిలా తన వైపు అరలోనే ఉంది.

"అయిందా అక్కా?"

"అయింది డాక్టరుగారూ."

ఇది ధిక్కారం అనుకుంటే పొరపాటు. పాప చదువుకున్న పిల్ల, కానీ చిన్నపిల్ల, ఎవరో పెట్టె అమ్ముకునేవాడు చెప్పింది నమ్మింది అనుకుంది పొడక్క. నలుగురిలో ఆ మాటంటే పిల్ల పరువు పోతుంది. అనకుండా తన చేత్తో సరిచేస్తే గొడవే లేదు. ఇంటి పెద్దది చిన్నవాళ్ళ తప్పు కప్పిపెట్టినట్టు ఆమె ఆ తడిని కప్పిపెట్టింది. వారానికి మూడు, ఒక్కోవారం అయిదు పళ్ళు. వానాకాలం గడిచింది, చలికాలం గడిచింది, ఎండలు వచ్చాయి. ఎక్స్‌రేల్లో సీలర్ తెల్లగా, నిండుగా, వేరు కొసదాకా కనిపించేది. చిన్న డాక్టరు ఆ ఫిల్ములు వెలుగుకు పట్టి మురిసిపోయేది.

"చూశారా అక్కా, కొత్త మందు ఎలా పనిచేస్తోందో!"

"చూశాను పాపా" అనేది పొడక్క. పనిచేస్తున్నది మందు కాదు, నా మూడో పుల్ల అని లోపల్లోపల నవ్వుకునేది.

ఎనిమిదో నెలలో బస్సు డ్రైవరు దవడ పట్టుకుని వచ్చాడు. ఏదో గట్టిది కొరికాడట, పన్ను నిలువునా రెండుగా చీలిపోయింది.

"బస్సు గేరు కొరికావా ఏంటి?" అంది చిన్న డాక్టరు.

"గేరు మెత్తగా ఉంటుందమ్మా. ఇది మా ఆవిడ చేసిన బిస్కత్తు" అన్నాడతను నొప్పిలోనే.

అలా చీలిన పన్ను నిలవదు. తీసేయడం తప్ప దారి లేదు. దాంట్లో ఎవరి తప్పూ లేదు. మత్తు ఇచ్చి, రెండు ముక్కలూ తీసి, స్టీలు పళ్ళెంలో పెట్టి, పత్తి కరిపించి అతన్ని పంపించింది. పళ్ళెం కడగడానికి పొడక్క చేతిలోకి తీసుకోబోతుంటే చిన్న డాక్టరు ఆపింది. "ఉండండక్కా, మన సీలర్ లోపల ఎలా పట్టిందో చూద్దాం. ఎప్పుడూ ఎక్స్‌రేలోనే తప్ప కళ్ళారా చూడలేదు."

పట్టకారుతో ఒక ముక్కను పైకెత్తింది. ఎత్తగానే వేరులోని పూత మొత్తం, గులాబి పుల్లతో సహా, జారి పళ్ళెంలో టక్కున పడింది. ఒరలోంచి కత్తి జారినట్టు పడింది. వెనక మిగిలిన పంటి గోడ ఎవరూ తాకనట్టు నున్నగా మెరుస్తోంది. ఒక్క మరక లేదు. చిన్న డాక్టరు ఆ పూతను వేళ్ళ మధ్య నలిపింది. చేతి తొడుగు మీద తెల్లటి పిండి అంటుకుంది.

"ఇదేంటి... ఇది అసలు గట్టిపడనే లేదు" అంది.

పొడక్క పళ్ళెం వదిలేసింది. వెనక్కి వచ్చి తన స్టూలు మీద కూర్చుంది.

రెండు రోజుల తరువాత సీలర్ అమ్మే కంపెనీ మనిషి వచ్చాడు. మెడలో టై, చేతిలో సంచీ, నోటినిండా చిరునవ్వు. చిన్న డాక్టరు ఆ ముక్కలు అతని ముందు పెట్టి ఉతికి ఆరేసింది. అతను నవ్వు చెదరకుండా విన్నాడు.

"మేడం, కోప్పడకండి. ఇలాంటిది నేను ఇంకోచోట చూశాను. అక్కడ మరీ ఎక్కువ ఆరబెట్టారు. మీ దగ్గర స్పిరిట్ ఏమైనా..."

"స్పిరిట్టా? రెండు పుల్లలు దాటవు మా దగ్గర. ఆరబెట్టేది ఎవరనుకున్నారు? ఇరవై రెండేళ్ళ అనుభవం ఆ చేతిది. మీ మందు పుట్టకముందు నుంచి ఆవిడ ఈ పని చేస్తోంది. ఆవిడ్ని అనడానికి మీకు నోరెలా వచ్చింది?"

పొడక్క ట్రే పట్టుకుని గుమ్మం దగ్గర నిలబడి ఉంది. కంపెనీ మనిషి ఆమె వైపు ఒక్కసారి చూశాడు. ఆ చూపులో కోపం లేదు. అంతా తెలిసిపోయినవాడి జాలి ఉంది. "పెట్టె మార్చి పంపిస్తానండి" అని సంచీ సర్దుకుని వెళ్ళిపోయాడు.

ఆమెకు ఇప్పుడు మిగిలింది ఒకే ఆలోచన. నేర్చుకోవాలి. రెండు పుల్లల దగ్గర ఆగడం చేతికి నేర్పితే, కొత్త పెట్టె రాగానే అన్నీ సవ్యంగా అతుక్కుంటాయి. అప్పుడు పాపకు చెప్పాల్సిన పని ఉండకపోవచ్చు, స్టూలు తనకే ఉండిపోవచ్చు. సాధన కోసం ఆస్పత్రిలో ఒక సీసానిండా పీకిన పళ్ళు మందునీళ్ళలో వేసి ఉంచేవారు. వాటిలో తొలిచి ఉన్నవి ఆరు ఏరుకుని, ఆదివారం మధ్యాహ్నం వంటింటి బల్లమీద పరిచింది.

"భోజనాల బల్ల మీద పళ్ళు పరిచిన ఇల్లాల్ని మొదటిసారి చూస్తున్నా" అన్నాడు తాళాలాయన. "నమలడానికి సాయం తెచ్చావా?"

"వేళాకోళం వద్దండి. ఇటు కూర్చోండి. రెండోది తీశాక నన్ను ఆపండి."

"ఎందుకు ఆపడం?"

జరిగింది చెప్పింది. ఆయన కాసేపు తల గోక్కున్నాడు. "తాళం లోపల నూనె కూడా ఇలాంటిదే. ఎక్కువైతే దుమ్ము పట్టి బిగుసుకుంటుంది, తక్కువైతే చెవి తిరగదు."

"మరి ఎంత వేస్తారు మీరు?"

"చాలినంత."

"అదిగో, మీరూ పాపలాగే మాట్లాడుతున్నారు. చాలినంతంటే ఎంత? ఎలా తెలుస్తుంది?"

ఆయన ఆలోచించాడు. నిజాయితీగానే ఆలోచించాడు. "తెలుస్తుందంతే" అన్నాడు చివరికి.

మొదటి పంటిలో ఒక పుల్ల. రెండో పుల్ల. నల్లటి రేకుమీద ఈడ్చింది. గీత పడింది. చెయ్యి మూడోదాని మీదికి పోయింది. ఆయన మణికట్టు పట్టుకున్నాడు. పట్టుకున్నంతసేపూ ఊరుకుంది. ఇంక చాలులే అని వదలగానే మూడోది గొట్టంలో ఉంది. ఇద్దరూ దాన్ని చూశారు. ఆయన నవ్వబోయి మానుకున్నాడు. రెండో పన్ను. మూడో పన్ను. నాలుగోదాని దగ్గర పంటి బిగువున ఆపుకుంది. పట్టకారు కింద పెట్టి, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఆ పన్ను బల్లమీద ఉంది. దాని లోపల తడి ఉంది. ఆమెకు కనిపిస్తోంది. ఆమెకు తెలిసినవి రెండే, తడి, పొడి. ఆ రెంటి నడుమ ఒక చోటు ఉందని, అక్కడ ఆగి వెనక్కి తిరగాలని అందరూ అంటున్నారు. ఎంత చూసినా ఆమె కంటికి అక్కడ ఏ గుర్తూ లేదు. అంతకుముందు పళ్ళలో మూడో పుల్ల తీసినప్పుడు అది మరీ ఎక్కువయిందా, సరిపోయిందా అనేది కూడా చెప్పలేకపోయింది. చేతులు వణుకుతాయేమోనని చూసుకుంది. వణకడం లేదు. ఎప్పటిలాగే నిలకడగా ఉన్నాయి. దానికే ఏడుపొచ్చింది.

"వారం పది రోజులు చేస్తే అదే వస్తుందిలే" అన్నాడాయన.

పదిరోజులు చేసింది. రాలేదు.

కొత్త పెట్టె వచ్చిన పొద్దున, ఇంకా రోగులెవరూ లేని వేళ, ఆమె కుర్చీ దగ్గరికి వెళ్ళి "డాక్టరుగారూ" అంది.

చిన్న డాక్టరు తలెత్తి గుమ్మం వైపు చూసింది, ఎవరైనా వచ్చారేమోనని. ఎవరూ లేరు.

"ఆ మందు మంచిదేనండి. నేనే మూడోది పెట్టాను. అయిదు పెట్టాను. స్పిరిట్ కూడా వాడాను."

"డ్రైవరుకా?"

"అందరికీ."

చిన్న డాక్టరు అరవలేదు. అరిస్తే బాగుండునని పొడక్క అనుకుంది. ఆ పిల్ల సీసాలోంచి ఒక పన్ను తీసి, కడిగి, ఆమె ముందు పెట్టి, "సరే. ఇప్పుడు చెయ్యండి, నేను పక్కనే ఉంటా" అంది. అది శిక్ష కాదు, ఇంకో అవకాశం. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. పొడక్క కూర్చుంది. ఒకటి. రెండు.

"చాలక్కా. ఇక్కడే. ఇదే ఆ చెమ్మ. చూడండి."

చూసింది. నీలం మీద గీత మెరుస్తోంది.

"ఇది తడి" అంది పొడక్క.

"కాదక్కా, చెమ్మ."

"నాకు తడే కనిపిస్తోందండి."

ఇంకో పన్ను పెట్టింది చిన్న డాక్టరు. మళ్ళీ అదే చోట ఆపింది. ఆమె ఆగింది. అయితే ఆ పిల్ల సీలర్ అందుకోవడానికి అటు తిరిగి ఇటు తిరిగేసరికి, మూడో పుల్ల పొడక్క పట్టకారులో ఉంది, కొస తడిసి ఉంది. ఎప్పుడు దించిందో ఆమెకే తెలియదు. చిన్న డాక్టరు ముఖం పక్కకు తిప్పుకుంది.

"ఎంతమందికి చేశాం?" అని గోడతో అన్నట్టు అంది. రోగుల పుస్తకం తెచ్చి ఇద్దరూ లెక్కపెట్టారు. నూట ముప్పై ఆరు పళ్ళు.

"అన్నీ పాడైపోతాయాండి?"

"తెలియదు. కొన్ని నిలవొచ్చు. కొన్ని రెండేళ్ళకి, కొన్ని అయిదేళ్ళకి లోపల్లోపల చీము పడతాయి. ఏది నిలుస్తుందో, ఏది పోతుందో ఇప్పుడు ఎక్స్‌రేలో కనబడదు."

"తీసి మళ్ళీ చేస్తే?"

"చెయ్యొచ్చు. కానీ నొప్పి లేనివాడు వచ్చి నోరు తెరుస్తాడా?" అని, పుస్తకం మూసి, "మీరు ఇక ముందుగదిలో కూర్చోండి. ఫోన్లు చూసుకోండి. ఇక్కడ నేను చూసుకుంటా" అంది. ఆ మాటల్లో ఎక్కడా అక్కా అనే పిలుపు లేదు.

ఆ సాయంత్రం పొడక్క పై అంతస్తుకు వెళ్ళింది. పెద్ద డాక్టరు కిటికీ దగ్గర కూర్చుని ఉన్నారు, వణికే చేతిని రెండో చేత్తో పట్టుకుని. అంతా విన్నారు. విన్నాక ఆయన ముఖం విప్పారింది.

"మంచి పని చేశావమ్మాయ్! ఈ కాలం పిల్లలకు ఏం తెలుసు? తడి మీద ఏదీ నిలవదు. నువ్వొక్కదానివే నేను చెప్పింది మర్చిపోలేదు."

ఆమెను ఆ రోజు మెచ్చుకున్నది ఆయన ఒక్కరే. చీలిన పన్ను గురించి మళ్ళీ చెప్పి చూసింది. ఆయన చెయ్యూపి, "సీలర్ కల్తీదై ఉంటుంది" అన్నారు. ఆమె నమస్కారం పెట్టి మెట్లు దిగింది. కింద గది అద్దం తలుపు వెనక చిన్న డాక్టరు ఒక్కతే, రెండు కుర్చీల మధ్య అటూ ఇటూ తిరుగుతూ, తనే తొలుస్తూ, తనే ఆరబెడుతూ ఉంది. రెండే పుల్లలు. ఎంతో తేలిగ్గా ఆగుతోంది.

మరునాటి నుంచి ముందుగదిలో బల్ల, ఫోను, నూట ముప్పై ఆరు పేర్ల కాగితం. ఊరికే ఒకసారి వచ్చి చూపించుకోమని అందరికీ చెప్పాలి. రాగలిగినవాళ్ళకు తీసి మళ్ళీ చెయ్యాలి. ఎందుకని అడిగితే దాచొద్దని చిన్న డాక్టరు చెప్పింది. పొడక్క దాచలేదు. "ఆరబెట్టడంలో నా వల్ల పొరపాటు జరిగిందండి" అనే చెప్పింది. ఒకామె "ఎంత మంచిదానివమ్మా, ఈ కాలంలో ఇలా చెప్పేవాళ్ళెవరు" అని మెచ్చుకుని, రానంది. ఒకాయన "నొప్పి లేని పంటిని కెలికించుకోడానికి నాకేమన్నా పిచ్చా" అన్నాడు. ఒక ఇంట్లో పిల్లలు ఫోనెత్తి, అమ్మ ఊళ్ళో లేదని చెప్పి, వెనక అమ్మ గొంతు వినిపిస్తుండగానే పెట్టేశారు. నెల తిరిగేసరికి వచ్చినవాళ్ళు పదకొండు మంది. వాళ్ళ పళ్ళు లోపల తొలుస్తుంటే, పూత ఎలా ఊడివస్తోందో చిన్న డాక్టరు బయటికి వచ్చి చెప్పలేదు, ఈమె లోపలికి వెళ్ళి అడగలేదు.

మిగతావాళ్ళు ఊళ్ళో తిరుగుతూనే ఉన్నారు. బస్టాపులో, మందుల షాపు ముందు, కూరల దుకాణం దగ్గర ఎదురై నవ్వుతారు. ఆ నవ్వులో ఏ పన్నో ఆమెకు గుర్తే. పై వరస కుడివైపు ఆరోది. కింద ఎడమవైపు నాలుగోది. పలకరింపుకు జవాబిస్తూ ఆమె కళ్ళు దవడ మీదే ఉంటాయి, ఎక్కడైనా కాస్త వాచిందేమోనని.

జాబితాలో చివరి వరసలో బడిపంతులు పేరుంది. ఆయనకు రెండుసార్లు ఫోను చేసినా దొరకలేదు. మూడోసారి దొరికాడు.

"ఓహో, పొడక్కా! ఏంటమ్మా, నా పళ్ళ మీద బెంగపెట్టుకున్నావా?"

అంతా చెప్పింది. ఈసారి మెల్లగా, ఒక్క మాట కూడా వదలకుండా చెప్పింది. ఆయన మధ్యలో అడ్డు రాలేదు.

"అయితే ఆరబెట్టడం ఎక్కువైందంటావ్. అంతేగా? తక్కువ కాలేదుగా?"

"ఎక్కువైనా తప్పేనండి. దయచేసి రండి. ఒక్క గంట."

"సరే, నీ మాట కాదనడం ఎందుకు, వస్తా. కానీ ఒక షరతు. నువ్వే పక్కన కూర్చోవాలి. నువ్వు పొడే అంటేనే నేను మూయనిస్తా. ఆ చిన్నపిల్ల చేతిలో నా నోరు పెట్టను."

లోపలి గదిలో నీళ్ళ పంపు ఆగి, మళ్ళీ మొదలైంది.

"నేను ఆ పని మానేశానండి" అంది. "డాక్టరుగారు నాకన్నా బాగా చేస్తారు. నిజం చెబుతున్నాను."

"అయితే రానులేమ్మా" అన్నాడు ఆయన, ఎంతో ఆప్యాయంగా. "నువ్వు చేసిన పన్ను ఇది. రాయిలా ఉంది. ఇలాగే ఉండనీ."

ఆయన పేరుకు ఎదురుగా, అంతకుముందు పేర్ల పక్కన రాసినట్టే, రానన్నారు అని రాసింది. సిరా ఆరేదాకా దాని మీద చెయ్యి పెట్టలేదు.